అరుంధతీ దర్శనము: అంతరార్థము
(ప్రసంగ పాఠము)

పెండ్లి అనగానే మనకు స్ఫురణకు వచ్చునవి మేళతాళములు, జీలకఱ్ఱ బెల్లము, మంగళసూత్రము, తలంబ్రాలు, విందు భోజనము. వీని నడుమ చప్పుడు లేకుండ జరిగిపోవు చిన్న తంతు ఒకటి కలదు. సప్తపది ముగిసిన పిమ్మట పురోహితుడు వధూవరులను పందిరి వెలుపలికి తీసికొనివచ్చి, ఉత్తరపు దిక్కునకు వ్రేలు చూపి, "అదిగో అరుంధతి, నమస్కరింపుడు" అనును. వారు తలలెత్తి చూచి చేతులు జోడింతురు. "కనబడినదా అమ్మా?" అని ప్రక్కనున్న పెద్దముత్తైదువ అడుగును. కనబడినదని వధువు తలయూచును. ఫోటోగ్రాఫరు ఒక ఫోటో తీసికొనును. అందఱును లోపలికి పోవుదురు. అంతయు రెండు నిమిషముల పని.

ఆ అమ్మాయికి నిజముగ కనబడినదా? కనబడినచో ఏమి కనబడినది? అసలు ఏమి కనబడవలెనని మన పెద్దలు ఆమెను అక్కడ నిలువబెట్టిరి? పట్టపగలు ముహూర్తమైనచో, సూర్యుడు నడినెత్తిన వెలుగుచుండగా అరుంధతిని చూపుట యెట్లు? ఈ ప్రశ్నలను మనము సాధారణముగ వేసికొనము. వేసికొన్నచో ఈ చిన్న తంతులో ఎంత పెద్ద మాట యిమిడియున్నదో తెలియును. దానిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేయుదును.

సూత్రకారులు చెప్పినది

తెలుగునాట వైదిక విధిని వివాహములు చేయించువారిలో పెక్కురు ఆపస్తంబ సూత్రమును అనుసరింతురు. ఆ గృహ్యసూత్రమును చూచినచో ఈ దర్శనము పెండ్లిపందిటిలో ముగించుటకు ఏర్పడినది కాదని తెలియును. వధూవరులు వరుని యింటికి చేరవలెను. చుక్కలు పొడుచువఱకు మాటలాడక కూర్చుండవలెను. చుక్కలు పొడిచిన పిమ్మట తూర్పునకో ఉత్తరమునకో వెలుపలికి వచ్చి, వరుడు వధువునకు ధ్రువ నక్షత్రమును, అరుంధతిని చూపవలెను. ఆశ్వలాయన సూత్రము ధ్రువుని, అరుంధతిని, సప్తర్షులను మూటిని పేర్కొని, వానిని చూచిన పిదపనే వధువు మౌనమును విడువవలెనని చెప్పుచున్నది. పారస్కర సూత్రము అస్తమయానంతరము ధ్రువుని చూపుమని విధించి, ఒక విచిత్రమైన మాటను చేర్చినది. నక్షత్రము కనబడకపోయినను "చూచుచున్నాను" అని వధువు చెప్పవలెనట. దీనిని గూర్చి మరల ముచ్చటింతును.

ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, చూపువాడు పురోహితుడు కాడు, వరుడు. ఆలుమగలిద్దఱు కలిసి చేయు మొదటి పనులలో ఇది యొకటి. ఒకరికి తెలిసినదానిని మఱియొకరికి చూపుట, ఇద్దఱును ఒకే దిక్కునకు చూచుట దీని స్వరూపము. రెండవది, దానికి ముందు మౌనము కలదు. పగలంతయు బంధువుల సందడి, పొగ, మంత్రములు, మర్యాదలు. సాయంకాలమునకు అవి యన్నియు సద్దుమణిగి, ఆ యిద్దఱు మాత్రము చీకటి పడుటకై వేచియుందురు. చీకటి పడనిదే చుక్క రాదు. చుక్క రానిదే మాట రాదు. తొందరపడక వేచియుండుట కాపురమునకు మొదటి పాఠమని సూత్రకారుల అభిప్రాయమైనట్లు నాకు తోచును.

పెండ్లిలో వధువుచేత సన్నికల్లు తొక్కించుట మీకందఱకు తెలిసినదే. రాతివలె స్థిరముగ నుండుమని దాని భావము. పాదము క్రింది రాయి, తలపైని ధ్రువుడు ఒకే మాటను రెండు తావుల నుండి చెప్పుచున్నవి. కాపురము నిలుకడగా సాగవలెను. నిలుకడకు ధ్రువుడు గుర్తు. తోడునకు అరుంధతి గుర్తు. పెండ్లి కోరునవి ఈ రెండే.

పెద్ద చుక్కనుండి చిన్న చుక్కకు

ఉత్తరాకాశమున ఏడు చుక్కలు గల సప్తర్షి మండలమును మీలో పెక్కురు ఎఱుగుదురు. నాలుగు చుక్కలు మంచపు కోళ్లవలె నుండును. మూడు చుక్కలు వంగిన తోకవలె వెనుక నుండును. మంచము చివరి కోడు క్రతువు. తరువాత వరుసగ పులహుడు, పులస్త్యుడు, అత్రి. తోకలో మొదట అంగిరసుడు, నడుమ వసిష్ఠుడు, కొనను మరీచి. నడిమి చుక్కయైన వసిష్ఠుని తేరిపాఱ చూచినచో దాని ప్రక్కనే మినుకుమినుకుమనుచు మఱియొక చిన్న చుక్క కనబడును. అదియే అరుంధతి. ఆ రెండింటి నడుమ ఎడము చంద్రబింబపు వెడల్పులో సగమునకు కూడ తక్కువ. వరాహమిహిరుడు బృహత్సంహితలో సప్తర్షుల వరుసను చెప్పుచు, వసిష్ఠుని ఆశ్రయించి అరుంధతి యున్నదని వ్రాసెను.

చిన్న చుక్కను ఒక్కసారిగ చూపుట కష్టము. అందుచేత చూపువాడు ముందు పెద్ద చుక్కను చూపి, అదియే అరుంధతి యని చెప్పును. చూపు అక్కడ నిలిచిన పిమ్మట "అది కాదు, దాని ప్రక్కన నున్న సూక్ష్మమైనది" అని సవరించును. దీనికి శాస్త్రములలో అరుంధతీ న్యాయమని పేరు వచ్చినది. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యములో దీనిని ఉదాహరించిరి. తెలిసినదాని నుండి తెలియనిదానికి, స్థూలము నుండి సూక్ష్మమునకు నడిపించుట బోధనలో ఉత్తమ మార్గము. పలకపై అక్షరములు దిద్దించు ఉపాధ్యాయుడును, క్రొత్త విత్తనమును గూర్చి రైతునకు చెప్పు వ్యవసాయాధికారియు ఈ మార్గమునే త్రొక్కుదురు. మన పెండ్లి తంతు ఒకటి తత్త్వశాస్త్రమునకే బోధనాపద్ధతిని అందించినదనుట సంతోషింపదగిన విషయము.

అరుంధతి ఎవరు?

అరుంధతి యనగానే పతివ్రత యని చెప్పి ఊరకుందుము. ఆ మాట నిజమే. కాని పురాణేతిహాసములు ఆమెను గూర్చి చెప్పినది అంతకంటె చాల ఎక్కువ.

భాగవతమున ఆమె కర్దమ ప్రజాపతికిని దేవహూతికిని జన్మించిన తొమ్మండుగురు కుమార్తెలలో నొకతె. భారతము ఆనుశాసనిక పర్వమున కఱవు కాలములో సప్తర్షులతో కలిసి అడవులు తిరిగిన స్త్రీ ఆమె. కొలనులో ఏరికొన్న తామరతూండ్లు మాయమైనపుడు, దొంగిలింపలేదని ఋషులందఱు ప్రమాణములు చేయగా, వారితోపాటు అరుంధతియు ప్రమాణము చేసెను. ఆమె తరఫున వసిష్ఠుడు మాటలాడలేదు. ఆమె మాట ఆమెదే. ఆ పర్వముననే ఋషులును పితృదేవతలును ఆమెను ధర్మరహస్యము చెప్పుమని కోరి వినిన ఘట్టము కలదు. భర్త ప్రక్కన మౌనముగ కూర్చున్న స్త్రీగా మాత్రమే మన పూర్వులు ఆమెను చూడలేదు. ఏడుగురు ఋషుల సభలో ఎనిమిదవ స్థానమునకు తగినదానిగ చూచిరి.

అరణ్యపర్వములో ఇంకొక కథ కలదు. దానిని ప్రతి వరుడును వినవలెనని నా మనవి. స్వాహాదేవి అగ్నిపై మరులుగొని, సప్తర్షుల భార్యల రూపములను ఒకదాని తరువాత ఒకటిగ ధరించెను. ఆఱుగురి రూపములు ధరింపగలిగినది. అరుంధతి రూపము మాత్రము, ఆమె తపోబలముచేత, ధరింపలేకపోయినది. లోకములో అపవాదు పుట్టినది. ఆఱుగురు ఋషులు తమ భార్యలను విడిచిపెట్టిరి. ఆ స్త్రీలయందు దోషము లేదని విశ్వామిత్రుడు తానెఱిగిన నిజమును చెప్పెను. విన్న తరువాత కూడ ఆ భర్తలు వారిని విడిచియే యుండిరి. ఆ నిర్దోషురాండ్రే కృత్తికలై ఆకాశమున వేఱుచోట వెలసిరి. మన పల్లెలలో పిల్లలకోడి యని పిలుచు చుక్కల గుంపు అదియే.

ఈ కథను అరుంధతి శీలమునకు నిదర్శనముగ చెప్పుట వాడుక. కాని రెండవ ప్రక్కను కూడ చూడవలెను. ఆఱు కాపురములు చెడినవి. భార్యల తప్పుచేత కాదు. చెప్పుడు మాటలను నమ్మిన భర్తల అనుమానముచేత చెడినవి. నిజము చెవిని బడిన తరువాత కూడ మనసు మార్చుకొనకపోవుటచేత చెడినవి. మాఘ ఫాల్గుణ మాసములలో రాత్రి తొమ్మిది గంటల వేళ మీరు వెలుపలికి వచ్చినచో ఈ కథ యంతయు ఆకాశమున కనబడును. పడమట కృత్తికల గుంపు. ఈశాన్యమున అప్పుడే పైకి వచ్చుచున్న సప్తర్షులు. ఏడుగురు ఋషులలో ఒక్క వసిష్ఠుని ప్రక్కననే తోడు కలదు. తక్కిన వారు ఒంటరులు. నమ్మకము నిలిచిన చోట చుక్క జంటగా నున్నది. నమ్మకము తప్పిన చోట ఆకాశమున అంత ఎడము ఏర్పడినది. ఇది వధువునకు మాత్రమే చెప్పు పాఠమా? కాదు. వరునకును చెప్పు పాఠము.

ఇంకొక సంగతి. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున అక్షమాల యను స్త్రీ తక్కువ కులమున జన్మించినను వసిష్ఠుని చేపట్టి పూజ్యురాలైనదని కలదు. అక్షమాల యనునది అరుంధతికే మఱియొక పేరని సంప్రదాయము. మన తెలుగు దేశములో మాదిగ సోదరులు అరుంధతి తమ ఆడుబిడ్డయని చెప్పుకొందురు. అరుంధతీయులను పేరు అందుండియే వచ్చినది. అనగా ఊరి చివరకు నెట్టివేసిన వాడలోని వారు తమ బిడ్డగా చెప్పుకొను తల్లికి, ఊరి నడుమ పెద్ద యిండ్లలో పెండ్లియాడు ప్రతి జంటయు తలయెత్తి నమస్కరించుచున్నది. పందిరి వెలుపల నమస్కరించి, పందిరి లోపల పంక్తి భేదము పాటించుట ఆ నమస్కారమునకే లోపము కాదా? ఆలోచింపుడు.

ధ్రువుని పాఠము

ధ్రువోపాఖ్యానమును మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఉత్తానపాదునకు ఇద్దఱు భార్యలు: సునీతి, సురుచి. రాజునకు సురుచియందు ప్రేమ ఎక్కువ. సునీతి కుమారుడైన ఐదేండ్ల ధ్రువుడు తండ్రి తొడపై కూర్చుండబోగా సవతితల్లి ఈసడించినది; తండ్రి నోరు మెదపలేదు. ఆ బాలుడు అడవికి పోయి తపస్సు చేసి, ఎవ్వరును త్రోయలేని స్థానమును సంపాదించెను.

క్రొత్త దంపతులకు ఈ బాలుని చూపుటలో గల మర్మమును గమనింపుడు. ఇంటిలో పక్షపాతముచేత గాయపడిన బిడ్డ అతడు. భర్త న్యాయము తప్పినచో ఆ దెబ్బ ముందు తగులునది బిడ్డలకే. స్థిరత్వమును భార్యనుండి మాత్రమే కోరి, తాను అస్థిరుడైన భర్త ఉత్తానపాదుని వంటివాడు. పూర్వకాలమున "పతి కులమున నేను స్థిరముగ నుందునుగాక" అను భావమును వధువుచేత మాత్రమే పలికించిరి. నేటి మన చట్టము ఆ స్థిరత్వమును ఇద్దఱినుండియు కోరుచున్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టము భార్య జీవించియుండగా భర్త మఱియొక వివాహమాడుటను చెల్లనిదిగ జేసి, శిక్షార్హమైన నేరముగ నిర్ణయించినది. సునీతి కన్నీటికి చట్టము ఇచ్చిన సమాధానమది యని చెప్పవచ్చును.

దూరదర్శిని చూపినది

ఇప్పుడు ఖగోళశాస్త్రము చెప్పు సంగతులు కొన్ని విందము. వసిష్ఠ నక్షత్రము మననుండి సుమారు 80 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అనగా ఈ రాత్రి మీ కంటిని చేరు వెలుగు సుమారు 80 సంవత్సరముల క్రిందట, మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన 1947 ప్రాంతమున, అక్కడినుండి బయలుదేరినది. తాతముత్తాతల పెండ్లినాడు బయలుదేరిన కాంతి మనుమరాలి పెండ్లినాడు చేరుచున్నది.

1617లో ఇటలీ దేశమున గెలీలియో శిష్యుడు కాస్టెల్లి దూరదర్శినితో చూడగా, వసిష్ఠుడొక్కడే రెండు చుక్కలుగ కనబడెను. 1889లో అమెరికాలో పికరింగు అను శాస్త్రజ్ఞుడు, నక్షత్రకాంతిని రంగులుగ విడదీసి పరీక్షించి, ఆ రెండింటిలో ఒకటి మరల జంటయని ప్రకటించెను. రెండవదియు జంటయేయని తరువాత తేలినది. 2009లో అరుంధతికిని ఒక చిన్న తోడు కలదని కనుగొనిరి. కంటికి రెండుగ తోచునది నిజమునకు ఆఱు నక్షత్రముల కుటుంబము.

ఈ విషయమున నేడు సెల్‌ఫోనులలో ప్రచారమగు మాట యొకటి కలదు. తక్కిన జంట నక్షత్రములలో ఒకటి నిలిచియుండగా రెండవది దాని చుట్టు తిరుగుననియు, అరుంధతీ వసిష్ఠులు మాత్రమే ఒకరి చుట్టు ఒకరు తిరుగుదురనియు, ఇది ఋషులు ముందే కనుగొనిరనియు ఆ ప్రచారము. ఇది సరికాదు. ఏ జంట నక్షత్రమైనను రెండును తమ నడుమనున్న ఉమ్మడి కేంద్రము చుట్టు తిరుగును. ఇది ప్రకృతి నియమము. అరుంధతీ వసిష్ఠులు ఆకాశమున ఒకే త్రోవను కలిసి సాగుచున్నవని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. సప్తర్షులలో నడిమి ఐదును ఆ పయనములోనివే. క్రతువు, మరీచి మాత్రము వేఱు త్రోవ పట్టినవి. మన పెద్దలు కంటితో చూచి, ఆ జంటను దాంపత్యమునకు గుర్తుగ ఎన్నుకొనిరి. ఆ గౌరవము వారికి చాలును. లేని విద్యను వారికి అంటగట్టుట వారిని గౌరవించుట కాదు.

ధ్రువ నక్షత్రమును గూర్చియు ఒక పొరపాటు భావము కలదు. అది ఆకాశమున అన్నిటికంటె ప్రకాశవంతమైన చుక్కయని కొందఱు తలంతురు. కాదు, అది సాధారణమైన వెలుగు గల చుక్కయే. దాని గొప్పతనము వెలుగులో లేదు. ఉన్నచోట ఉండుటలో కలదు. ఇంకను నిజము చెప్పవలెనన్న అదియు కొంచెము కదలుచున్నది. భూమి తన ఇరుసుపై బొంగరమువలె మెల్లగ ఊగుచు సుమారు 26,000 సంవత్సరములకు ఒక చుట్టు పూర్తిచేయును. అందుచేత ఉత్తర ధ్రువస్థానమునకు దగ్గఱగానుండు చుక్క మాఱుచుండును. క్రీస్తు పూర్వము 2800 ప్రాంతమున ఆ స్థానమునకు దగ్గఱగ నుండినది వేఱొక చుక్క. నేటి ధ్రువుడు ఆ స్థానమునకు ఒక భాగకంటె తక్కువ ఎడములో చిన్న వలయముగ తిరుగుచున్నాడు. గృహ్యసూత్రములలోని ధ్రువుడు ఏ చుక్కయో నిర్ణయించి, దానినిబట్టి వేదకాలమును లెక్కించుటకు 1893లో జర్మను పండితుడు యాకోబి ప్రయత్నించెను. ఆ వాదమును ఇతర పండితులు ఖండించిరి.

ధ్రువుడు కదలునని తెలిసినంతమాత్రమున తంతునకు లోపము రాదు. రాయివలె బిగిసికొని యుండుట నిలుకడ కాదు. తక్కినవారు దిక్కు తెలిసికొనుటకు ఆధారమగుటయే నిలుకడ. రాత్రివేళ నావ నడుపువాడును, బండి తోలువాడును ధ్రువుని చూచియే త్రోవ తెలిసికొనిరి. ఇంటిలో పిల్లలకు తల్లిదండ్రులు అటువంటి గుఱుతు కావలెను.

కనబడకపోయినచో?

అరుంధతి కనబడనివానికి ఆయువు తీరినదని, ఆఱు నెలలలో మరణించునని పల్లెలలో ఒక భయము కలదు. సుశ్రుత సంహిత అరుంధతిని, ధ్రువుని, ఆకాశగంగను చూడలేకపోవుటను ఆయువు తీరిన లక్షణములలో చెప్పిన మాట నిజమే. రోగి చూపు తఱిగిపోవుటను వైద్యుడు కనిపెట్టుటకు అది యొక మార్గమై యుండవచ్చును. కాని పెండ్లిపీటలపైనుండి లేచి వచ్చిన పదునెనిమిదేండ్ల పిల్లకు చుక్క కనబడకపోయినచో దానికి కారణములు సామాన్యమైనవి: మబ్బు, వెన్నెల, పందిటి దీపముల వెలుగు, లేదా దూరపు చూపు మందగించుట. అరబ్బు దేశములలో ఈ చుక్కను సుహా యని పిలిచి, కంటిచూపును పరీక్షించుటకే ఉపయోగించిరి.

ఇక్కడనే పారస్కరుని మాట మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. కనబడకున్నను చూచుచున్నాననుట ఆ నాటి తంతు ఆగిపోకుండుటకు చేసిన యేర్పాటు కావచ్చును. కాని "కనబడలేదన్నచో ఏమనుకొందురో" అను భయముతో నేడు పెండ్లికూతురు తల యూపుట మంచిది కాదు. క్రొత్త కాపురములో ఆమె పలుకు మొదటి మాట అబద్ధము కారాదు. "నాకు కనబడలేదు" అని ఆమె నిర్భయముగ చెప్పగలుగవలెను. "ఫరవాలేదు, మరల చూతము" అని అతడు శాంతముగ చెప్పగలుగవలెను. అటుపిమ్మట అవసరమైనచో కంటి వైద్యునికడకు పోయి అద్దములు తెచ్చుకొనవచ్చును. దృష్టిలోపము అపశకునము కాదు. దానిని దాచుటవలన ముప్పు కలదు.

ఎప్పుడు, ఎట్లు చూడవలెను?

మన ప్రాంతమున సప్తర్షులు రాత్రి యంతయు కనబడరు. వారికి ఉదయాస్తమయములు కలవు. కావున ముహూర్తమునుబట్టి వేళ తెలిసికొనవలెను. మాఘ మాసమున సప్తర్షులు రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల వేళ ఈశాన్యమున లేతురు. అరుంధతిని చక్కగ చూచుటకు పది గంటలు దాటవలెను. వైశాఖ జ్యేష్ఠములలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకే ఉత్తరమున ఎత్తుగ నుందురు. దర్శనమునకు మిక్కిలి అనువైన కాలమిదియే. శ్రావణమున చీకటి పడగానే వాయవ్యమున కనబడుదురు, మబ్బు లేకుండవలెను. కార్తిక మార్గశిరములలో మాత్రము సాయంకాలమున కనబడరు. నవంబరు నడుమ తెల్లవారుజామున మూడు గంటలు దాటిన తరువాతను, డిసెంబరు నడుమ అర్ధరాత్రి దాటి గంటయైన తరువాతను చూడవలెను.

ధ్రువుడు ఏడాది పొడవునను కనబడును. సప్తర్షులు పైకి వచ్చియున్నపుడు పులహునినుండి క్రతువు మీదుగ గీత గీచి, ఆ రెండింటి ఎడమునకు సుమారు ఐదు రెట్లు ముందునకు పోనిచ్చినచో ధ్రువుడు దొరకును. మన ప్రాంతమున అతడు ఎత్తుగ నుండడు. చేయి చాచి పిడికిలి పట్టినచో దాని వెడల్పు ఆకాశమున సుమారు పది భాగలు. తిరుపతిలో ధ్రువుడు దిజ్మండలమునకు పిడికిలిన్నరకు లోపుగనే యుండును. విజయవాడలో పిడికిలిన్నర దాటును. ఆదిలాబాదులో రెండు పిడికిళ్ల యెత్తున నుండును. కావున ఉత్తరమున చెట్లు, మేడలు అడ్డము లేని చోటు చూచుకొనవలెను.

పగటి ముహూర్తమైనచో పందిటిలో తంతు పూర్తిచేసి, ఆ రాత్రియో, ఆకాశము నిర్మలమైన మఱియొక రాత్రియో ఇంటి డాబాపైకిగాని, పొలము గట్టునకుగాని పోయి దంపతులు నిజముగ చూడవచ్చును. సూత్రకారులు సాయంకాలమునకు ఉంచిన పనిని సాయంకాలము చేయుట సంప్రదాయ విరోధము కాదు. రాత్రి ముహూర్తమైనచో దర్శన సమయమున పందిటి దీపములను ఐదు నిమిషములు ఆర్పివేయుడు. కన్ను చీకటికి అలవాటు పడవలెను. వచ్చిన పిల్లలకును ఆ ఐదు నిమిషములలో సప్తర్షులను చూపుడు. బడిలో చదివిన పాఠము కంటికి కట్టినట్లుండును.

సోదరీ సోదరులారా, పెండ్లి పేరిట అప్పులు చేసి, పొలములు కుదువబెట్టి, ఏండ్ల తరబడి వడ్డీలు కట్టువారు మన గ్రామములలో ఉన్నారు. 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినను కట్నముల పీడ పోలేదు. పెండ్లిలో కానీ ఖర్చు లేనిది ఈ తంతు. చుక్కకు అద్దె లేదు. కలవానికిని లేనివానికిని అదే అరుంధతి, అదే ధ్రువుడు. పందిటికి చేసిన వ్యయము మఱునాటికి మఱపునకు వచ్చును. ఈ రెండు చుక్కలు జీవితాంతము ఇంటిపైన నుండును.

ఇంకొక మనవి. చుక్కను చూచి మాట యిచ్చునది పిల్లకాదు, స్త్రీ కావలెను. పూర్వము బాల్యవివాహములలో, నిద్రమత్తులోనున్న పసిబిడ్డను ఎత్తుకొని వచ్చి అరుంధతిని చూపిన రోజులు కలవు. ఆ బిడ్డకు ఏమి తెలియును? 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము వధువునకు 18, వరునకు 21 సంవత్సరములు నిండవలెను. అర్థము తెలిసి చూచినపుడే దర్శనము దర్శనమగును. మీ గ్రామమున ఆ వయస్సు నిండని బిడ్డకు పెండ్లి తలపెట్టినట్లు తెలిసినచో అంగన్‌వాడీ కార్యకర్తకుగాని, గ్రామ పంచాయతీకిగాని తెలుపుడు.

చట్టము దృష్టిలో సప్తపది గల వివాహము ఏడవ అడుగుతో పూర్తియగును. నక్షత్ర దర్శనము చేయకపోయినంత మాత్రమున పెండ్లి చెల్లకపోదు. మఱి ఎందులకు చేయవలెను? ఏడడుగులు నడచుట ఒక్కనాటి పని. ఎనిమిదవ అడుగునుండి త్రోవ పొడుగునను తోడు కావలసినది నిలుకడ, నమ్మకము. కలత వచ్చిన రాత్రి, మాట పట్టింపు పెరిగిన రాత్రి, ఆలుమగలలో ఎవరో ఒకరు వెలుపలికి వచ్చి ఉత్తరపు దిక్కు చూతురుగాక. వెలుగులో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అయినను ఒకదానినొకటి మింగక, ఒకదానినొకటి విడువక, రెండును ఒకే త్రోవను సాగుచున్నవి. చూచి లోపలికి వచ్చి రెండవవారిని పిలుతురుగాక. అరుంధతిని ఇద్దఱు కలిసి చూడవలెనని కదా మన పెద్దలు విధించినది.